రంగము పెట్టిన అన్నము

మధురవాడ మీదుగా శ్రీకాకుళమునకు పోవు బాట వెంట పల్లెలలో, రంగూనును పూర్వము ‘రంగము’ అనెడివారు. కరవులకు తాళలేక అనేకులు ఓడలెక్కి అచ్చటికి పోయిరి. రేవులో బరువులు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి. ఆ కూలిడబ్బు ఇచ్చటి అప్పులు తీర్చినది. అచ్చట వీరికి ‘కొరంగీలు’ అని పేరు. కోరంగి రేవు పేరే ఎత్తిపొడుపు మాటయైనది.

1930 మే నెలలో తెలుగు కూలీలు సమ్మె చేయగా యజమానులు బర్మావారిని పెట్టుకొనిరి; సమ్మె తీరగానే వారిని తొలగించిరి. ఆ కోపము యజమానులపై గాక తెలుగువారిపై విరుచుకుపడినది. 1942లో జపాను సేనలు రాగా లక్షలకొలది భారతీయులు అడవులు దాటి వచ్చిరి. వేలమంది దారిలోనే మరణించిరి. నీ విన్ ప్రభుత్వము 1964లో దుకాణములను జాతీయము చేసిన పిదప సుమారు 3 లక్షలమంది తిరిగివచ్చిరి. విశాఖలోని బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు. అచ్చట మిగిలినవారిలో పెక్కురకు 1982 చట్టము వలన పూర్ణ పౌరసత్వము దక్కలేదు.

అన్నము పెట్టిన దేశమును తలచుట ధర్మము. చెమటోడ్చిన చోట గౌరవము కోరుటయు ధర్మమే. రెండవది కృతఘ్నత కాదు. నేడు విశాఖ రేవునకు పొట్టచేత పట్టుకొని వచ్చు పరప్రాంతీయులను చూచునపుడు మనము రంగమును మరువరాదు.