స్టాండు కుంటితే... మెషీన్ చిందులే!

చివరి స్పిన్‌కి వచ్చేసరికి వాషింగ్ మెషీన్ ఇల్లంతా దద్దరిల్లేలా ఊగిపోతోందా? పాతబడిపోయిందని అప్పుడే తీర్మానించేయకండి. ఎక్స్ఛేంజ్ ఆఫర్ల కోసం పేపర్లు తిరగేసే ముందు ఓసారి వంగి దాని కింద ఉన్న స్టాండు చూడండి. చాలా ఇళ్లలో అసలు రోగం అక్కడే ఉంటుంది.

పాపం, ఆ స్టాండు మోసే భారం తక్కువేమీ కాదు. ఫ్రంట్ లోడ్ మెషీన్ ఖాళీగానే 60-70 కిలోలు తూగుతుంది. ఊగకుండా ఉండటానికి చాలా వాటిలో కాంక్రీటు దిమ్మలు బిగిస్తారు మరి! అసలు కథ స్పిన్‌లో ఉంది. డ్రమ్ము నిమిషానికి 1200 చుట్లు తిరిగేటప్పుడు, ఓ పక్కకి చేరిన 100 గ్రాముల తడి గుడ్డ దాదాపు 38 కిలోల బరువు లాగినంత బలంగా లాగుతుంది. అదీ సెకనుకి 20 సార్లు దిక్కు మార్చుకుంటూ. లోపలి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు చాలావరకూ మింగేసినా మిగిలింది కాళ్ల మీదకే వస్తుంది. నాలుగు కాళ్లలో ఒకటి గాల్లో ఉందనుకోండి... మెషీన్ నడక మొదలెడుతుంది. నీళ్ల పైపు ఊడితే ఇల్లు చెరువే. స్టాండు అంచు దాటి పడితే, ఆ సమయానికి పసిపిల్లలు అక్కడే ఉంటే... ఊహించడానికే భయం వేస్తుంది.

మన ఇళ్లలో మెషీన్‌ని పెట్టే చోటు కూడా ఇనుముకి శత్రువే. బాత్‌రూమ్ పక్కనో, బాల్కనీలోనో నిత్యం తడి. నేల కడిగే యాసిడ్ చుక్కలు పడితే పెయింటు లేచిపోతుంది. విశాఖ, కాకినాడల్లో అయితే ఉప్పుగాలి అదనం!

బాగుచేయడం మొదలుపెట్టే ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్చి కట్టేస్తే చాలదు. కుళాయి కట్టి, లోపల మిగిలిన నీళ్లు వంపేసి, ఇద్దరు మనుషులు పట్టి మెషీన్‌ని కిందికి దించండి. ఒక్కరే సాహసం చేస్తే నడుం పట్టేస్తుంది.

ఇప్పుడు తుప్పు సంగతి. స్క్రూడ్రైవర్ మొనతో తుప్పు మీద గట్టిగా పొడవండి. పైపొర మాత్రమే రాలితే సమస్య లేదు. వైరు బ్రష్షుతో, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, ముందు రెడాక్సైడ్ ప్రైమరు, అది ఆరాక ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేస్తే సరి. మొన లోపలికి దిగిపోయిందా? ఇక ఆ ముక్కకి పెయింటు వేయడం అంటే పుండుకి పౌడరు అద్దడమే. వెల్డింగు షాపుకి తీసుకెళ్లి కొత్త యాంగిల్ ముక్క వేయించండి. స్టాండు ఒక్కటే తీసుకెళ్లండి సుమా! మెషీన్ పక్కన వెల్డింగు వద్దు.

వదులైన నట్లకి కొత్తవి వేయండి. అవి 8 మిల్లీమీటర్ల బోల్టులైతే 13 నంబరు స్పానరు సరిపోతుంది. మామూలు నట్టు అదురుకి మళ్లీ వదులవుతుంది కాబట్టి, లోపల నైలాన్ రింగు ఉండే లాక్‌నట్టు అడగండి. చక్రాల స్టాండు మీద మాకైతే మంచి అభిప్రాయం లేదు. ఊడ్చుకోవడానికి సుఖమే, కానీ బ్రేకు అరిగితే ఆ చక్రాలే మెషీన్‌ని ఊరేగిస్తాయి. తీసేసి రబ్బరు బుష్షులున్న కాళ్లు పెట్టించుకోవడం మేలు.

చాలామంది పొరబడేది మట్టం దగ్గరే. నీళ్లు పోవడానికి మేస్త్రీ ఆ నేలకి వాటం ఇస్తాడు కదా. ఆ లోటు పూడ్చడానికి మనం అట్టముక్క మడిచి దోపుతాం. నాలుగు రోజులు తడిస్తే అది పిండే! స్టాండు ఒక్కదాన్నే పెట్టి, రసమట్టంతో నిలువుగా, అడ్డంగా చూసుకుంటూ కాళ్లు తిప్పి సరిచేయండి. ఆ తర్వాతే మెషీన్ ఎక్కించండి. దాని కాళ్లనీ వీలైనంత పొట్టిగా ఉంచి సర్దండి. ఎదురెదురు మూలలు నొక్కినా కదలకూడదు. చివర్లో ఒక్కో కాలి మీద లాక్‌నట్టుని పైకి, బాడీకి ఆనేలా బిగించాలి. ఇది మర్చిపోతే చేసిన పనంతా నెలలో మొదటికి వస్తుంది.

ఇటుకలతో కట్టించుకున్న సిమెంటు దిమ్మ అయితే టైలు మీద నాణెంతో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే ఆ టైలు తీసేసి, ఒకటికి మూడు పాళ్ల ఇసుకతో సిమెంటు కలిపి మళ్లీ పరిపించండి. వారం రోజులు తడుపుతూ ఉండాలి. అప్పటిదాకా చేత్తో ఉతుక్కోక తప్పదు!

అన్నీ అయ్యాక ముందు ఖాళీ డ్రమ్ముతో స్పిన్ పెట్టి పక్కనే నిలబడండి. అది నిలకడగా ఉంటే బట్టలు వేయండి. ఒంటరి డోర్‌మ్యాట్ వేయకండి, అది ఓ పక్కకే చేరుతుంది. కొత్త మెషీన్ వచ్చిన రోజు నుంచే ఎగురుతోందంటే మాత్రం స్టాండుని తిట్టకండి. వెనక వైపు రవాణా బోల్టులు తీశారో లేదో చూడండి. అవి ఉంటే డ్రమ్ము బాడీకి అతుక్కునే ఉంటుంది. తీసిన బోల్టులు పారేయకుండా డబ్బాలో దాచండి... ఇల్లు మారేటప్పుడు మళ్లీ బిగించాల్సింది వాటినే.