పైసా ఖర్చులేని అంతరిక్షయానం

సైన్సు ఫిక్షన్ చదివేవాడంటే మన ఇళ్లల్లో కొంచెం చులకన. ఏ పెళ్లిలోనో నలుగురు చేరినప్పుడు "మీరేం చదువుతుంటారండీ?" అని అడుగుతారు. డిటెక్టివు నవలలంటే నవ్వి వూరుకుంటారు. వేదాంతమంటే కుర్చీ జరుపుతారు. "గ్రహాంతరవాసుల కథలండీ" అన్నామో, అడిగిన పెద్దమనిషి మా ఆవిడ వంక జాలిగా చూస్తాడు. ఈ జాలికి నలభై ఏళ్లుగా అలవాటు పడిపోయాం, ఆవిడా నేనూ.

ఒకప్పుడిది ఖర్చుతో కూడిన వ్యసనం కూడాను. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారంనాడు రోడ్డువార పరిచిన పాత పుస్తకాల్లో అట్ట చిరిగిన అసిమోవ్ ఒకటి దొరికితే ఆ పూట పండగే. మూడు భాగాల నవలలో రెండోది మాత్రమే దొరకడం రివాజు. మొదట ఏం జరిగిందో, చివర ఏమయిందో మనమే కల్పించుకోవాలి. ఇప్పుడా బెంగ లేదు. జేబులో ఫోనుంటే చాలు, సగం గ్రంథాలయం మన దగ్గరున్నట్టే. అయితే ఎక్కడ ఏముందో తెలియాలి గదా! నాకు తెలిసినవి కొన్ని చెబుతాను. అన్నీ కాదు, నాకు నచ్చినవే.

ముందుగా చెప్పవలసింది ప్రాజెక్టు గూటెన్‌బర్గ్. 1971లో అమెరికాలో మైకేల్ హార్ట్ అనే ఆయన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కంప్యూటరులో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కూర్చుని టైపు చేశాడు. అదే దానికి విత్తనం. కాపీరైటు తీరిన పుస్తకాలను ఉచితంగా అందరికీ ఇవ్వడం దాని పని. మేరీ షెల్లీ 1818లో రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' దగ్గరనుంచి, జూల్స్ వెర్న్, హెచ్. జి. వెల్స్ దాకా పెద్దలందరూ అక్కడ కొలువుతీరి వున్నారు.

పెద్దలు సరే. అసలు తమాషా వేరే వుంది. ఆ రోజుల్లో అమెరికా చట్టం ప్రకారం, 1964కు ముందు అచ్చయినదానికి 28వ ఏట కాపీరైటు తిరగరాయించుకోవాలి. చవక పత్రికల్లో కథలు రాసుకు బతికినవాళ్లకు అంత తీరిక ఎక్కడిది? చాలామంది రాయించుకోలేదు. అందువల్ల 1950ల నాటి కథలు గంపలకొద్దీ ఉచితమై కూచున్నాయి. ఫిలిప్ కె. డిక్ 1953లో రాసిన 'సెకండ్ వెరైటీ' అట్లా దొరికిందే. యుద్ధం కోసం మనిషి చేసిన యంత్రాలు తమంతట తాము కొత్త నమూనాలు తయారుచేసుకుంటాయి. వాటిలో ఒకటి బొమ్మ ఎలుగుబంటిని గుండెకు హత్తుకున్న అనాథ కుర్రాడి రూపంలో వుంటుంది. తక్కినది చెప్పను. రాత్రి భోజనాలయ్యాక మాత్రం మొదలుపెట్టకండి.

ఇదంతా తెల్లవాళ్ల సరుకేనా అంటారేమో. కాదు. రుకైయా సఖావత్ హుసేన్ అనే బెంగాలీ వనిత 1905లో 'సుల్తానాస్ డ్రీమ్' అని ఇంగ్లీషులో ఒక కథ రాసింది. అది అచ్చయింది ఎక్కడనుకున్నారు? మన మద్రాసులో, కమలా సత్యనాథన్ సంపాదకత్వాన వెలువడిన 'ది ఇండియన్ లేడీస్ మాగజైన్'లో! ఆ కథలోని దేశంలో ఆడవాళ్లు రాజ్యం చేస్తారు, మగవాళ్లు ఘోషాలో వుంటారు. వంట ఎండవేడితో అవుతుంది, పొగ లేదు, మసి లేదు. మబ్బుల్లోంచి నీళ్లు తోడుకుంటారు. యుద్ధం వస్తే సూర్యకిరణాలనే శత్రువు మీదికి మళ్లిస్తారు. ఒక్కొక్క పేజీ చదివి మా ఆవిడకు వినిపించాను. "ఇందులో అసంభవం ఏముంది?" అన్నది ఆవిడ.

అంతకుముందే, 1896లో, జగదీశ్ చంద్ర బోసు బెంగాలీలో ఒక కథ రాశాడు. అవును, ఆ శాస్త్రజ్ఞుడే. ఒక తలనూనె కంపెనీ పెట్టిన కథల పోటీకి పంపినది. కథలో తుఫానును ఆపింది ఏమిటంటే, సముద్రంలో ఒలకబోసిన తలనూనె! దీని ఇంగ్లీషు అనువాదం 'స్ట్రేంజ్ హొరైజన్స్' అనే ఇంటర్నెట్ పత్రికలో 2013లో వచ్చింది. ఆ పత్రిక 2000 నుంచీ ఉచితంగానే నడుస్తోంది.

ఇక వినేవాటి సంగతి. దీనికి మా అక్కయ్య కథ చెప్పక తప్పదు. తెనాలిలో ముప్ఫై ఏళ్లు హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పింది. నాకీ పిచ్చి అంటించినది ఆవిడే. మూడేళ్లనాడు గ్లకోమా వచ్చి చూపు దాదాపు పోయింది. పుస్తకం ముక్కుకు ఆనించుకున్నా అక్షరం కనబడదు. పిల్లలు మాట్లాడే యంత్రమేదో తెచ్చి పెడితే, "ఆ గొంతులో ప్రాణం లేదురా, రైల్వేస్టేషనులో కూర్చున్నట్టుంది" అని ఆపించేసింది. నాలుగు నెలలు ఏమీ వినలేదు, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అప్పుడు 'లిబ్రివాక్స్' పెట్టి ఇచ్చాను. 2005లో మొదలయిన ఈ సంస్థలో చదివేవాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చిన మామూలు మనుషులు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, కాపీరైటు తీరిన పుస్తకాలు గొంతెత్తి చదివి పంపుతారు. ఒకరు గొప్పగా చదువుతారు, ఇంకొకరు పాఠం అప్పజెబుతారు. వెల్స్ 'టైమ్ మెషీన్'తో మొదలుపెట్టాం. పది నిమిషాలు విని, "ఈయనకు జలుబు చేసిందిరా" అన్నది అక్కయ్య. ఆ మాటతో నా ప్రాణం లేచి వచ్చింది. మర్నాడు ఫోను చేసి, ఎనిమిది లక్షల ఏళ్ల తర్వాత మనుషులు రెండు జాతులుగా చీలడం డార్విన్ ప్రకారం ఎంతవరకు సబబో అరగంట పాఠం చెప్పింది. ఇప్పుడు అక్కడి చిన్న కథల సంపుటాలు వరసబెట్టి వింటోంది.

పాత రేడియో నాటకాలు ఆవిడకు మరీ ఇష్టం. ఇవి 'ఇంటర్నెట్ ఆర్కైవ్'లో వుంటాయి. ఎన్.బి.సి. రేడియో 1955 నుంచి 1958 దాకా ప్రసారం చేసిన 'ఎక్స్ మైనస్ వన్' మంచి నాటకాల మాల. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ వినిపించిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' కూడా వుంది. అంగారకవాసులు దిగారని అమెరికా అంతా వీధుల్లో పడి పరుగెత్తిందని చెప్పుకుంటారు గదా, అందులో చాలాభాగం పత్రికలు పెంచి రాసినదేనని పరిశోధకులు తేల్చారు.

ఈ ఆర్కైవ్ గురించి ఒక మాట. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించాడు. 'గెలాక్సీ' వంటి పాత పత్రికలు బొమ్మలతో, ప్రకటనలతో సహా అక్కడ చూడవచ్చు. మన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మూతబడ్డాక, దానిలోని పాత తెలుగు పుస్తకాలు బోలెడు అక్కడే తలదాచుకున్నాయి. కాని ప్రచురణకర్తలు దావా వేసి గెలవడంతో సుమారు 5 లక్షల పుస్తకాలను అది ఎరువివ్వడం మానుకోవలసి వచ్చింది. 2024 అక్టోబరులో ఎవరో దుండగులు దాడిచేస్తే కొన్నాళ్లు తలుపులే మూసుకుంది. ఆ రోజుల్లో అక్కయ్య రోజూ ఫోను చేసి "తెరిచారా?" అని అడిగేది. కావలసినవి దించి దాచిపెట్టుకోవడం అప్పటినుంచీ అలవాటయింది.

కొత్త కథలు వినాలంటే 2005 నుంచి వస్తున్న 'ఎస్కేప్ పాడ్' వుంది, 2006లో పుట్టిన 'క్లార్క్స్‌వరల్డ్' వుంది. రెండోది చదవనూ వచ్చు, విననూ వచ్చు. 2023 ఫిబ్రవరిలో ఆ పత్రికకు విచిత్రమైన కష్టం వచ్చింది. యంత్రాల చేత రాయించిన కథలు వరదలా వచ్చి పడితే, కొన్నాళ్లు కథలు తీసుకోవడమే ఆపేశారు. రోబోలు పత్రికాఫీసు మీద పడినట్టు కథ రాసివుంటే ఆ సంపాదకుడే తిప్పి పంపేవాడు కాబోలు!

అనుమానాలు తీర్చుకోవడానికి 'ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ సైన్స్ ఫిక్షన్' చాలు. 1979లో లావుపాటి పుస్తకంగా పుట్టి, 2011 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా వుంది. కాలయానమనో, అదృశ్యమనో ఒక మాట వెతికితే గంట ఇట్టే గడిచిపోతుంది.

తెలుగు మాటేమిటి? శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు 1997లో నెలకొల్పిన కథానిలయం వెబ్‌సైట్లో పాత కథలు వేలు వున్నాయి. 1998 నుంచి వస్తున్న 'ఈమాట' పత్రిక వుంది. ఓపికుంటే వాటిలో సైన్సు కథలు ఏరుకోవచ్చు. కాని అక్కయ్య అడిగేది వినడానికి. "చందమామ మీదికి వెళ్లినవాడు తెలుగులో మాట్లాడితే ఎట్లా వుంటుందో వినాలనుందిరా" అన్నది మొన్న సంక్రాంతికి.

రుకైయా 1932లోనే కాలం చేసింది. ఆమె కథ మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. అందుకని రోజుకొక పేజీ తెలుగు చేసి, ఫోనులో చదివి తెనాలికి పంపుతున్నాను. మూడు పేజీలు అయినాయి. కథలో మగవాళ్లను వుంచే 'మర్దానా'కు తెలుగు మాట తోచలేదంటే, "పెరటిల్లు అని పెట్టు. మీ బావగారిని వుంచుదామని ఎన్నోసార్లు అనుకున్నా" అని జవాబు వచ్చింది.