వై క్రోమోజోములో వికటకవి

‘వికటకవి’ని ఎటునుంచి చదివినా ఒకటే. మగవారి కణాల్లోని వై క్రోమోజోములో అలాంటి రాతలు ఎనిమిదున్నాయి. 2003లో జన్యుశాస్త్రవేత్త డేవిడ్ పేజ్ బృందం వాటిని వెల్లడించింది. అన్నిటికన్నా పెద్దదాని పొడవు దాదాపు 29 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు.

అవి అక్కడ ఎందుకున్నాయో తెలియాలంటే సుమారు 18 కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్లాలి. అప్పట్లో ఎక్స్, వై అనే తేడా లేదు. రెండూ ఒకేలాంటి జత. ఆ జతలో ఒకదానిపై సాక్స్3 అనే జన్యువు మారి ఎస్‌ఆర్‌వై అయింది. పిండం మగపిండంగా ఎదగడానికి మీట నొక్కేది ఇదే. క్రమంగా ఆ రెండూ ముక్కలు ఇచ్చిపుచ్చుకోవడం చాలావరకు మానేశాయి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం వల్లే చెడ్డ జన్యువులు తొలగిపోతాయి. ఆ దారి మూసుకుపోయేసరికి వై చిక్కిపోయింది. ఆరువందలకు పైగా పాత జన్యువుల్లో మనిషి వైలో ఇప్పుడు మిగిలినవి ఇరవై కూడా లేవు.

అయితే అది అలాగే కరిగిపోతోందనుకుంటే పొరపాటు. రీసస్ కోతి వైతో పోల్చి చూస్తే, రెండున్నర కోట్ల ఏళ్లలో మనిషి వై పోగొట్టుకున్న పాత జన్యువు ఒక్కటే! వీర్యకణాల తయారీకి కావలసిన జన్యువులు కొన్ని ఆ వికటకవి రాతల్లోనే జంటలుగా ఉన్నాయి. ఒక సగంలో తప్పు దొర్లితే రెండో సగాన్ని చూసి దిద్దుకోవచ్చు. తోడు దొరకని క్రోమోజోము తనలోనే తోడు వెతుక్కుందన్నమాట. ఇంతకన్నా అందమైన ఏర్పాటు జన్యుశాస్త్రంలో అరుదు.

వై ఖాళీ అయిన భారం ఎక్స్ మీదా పడింది. ఆడవారికి రెండు ఎక్స్‌లు. రెండూ పూర్తిగా పనిచేస్తే, ఒకే ఎక్స్ ఉన్న మగవారితో పోలిస్తే దాని జన్యువుల మోతాదు రెట్టింపవుతుంది. అందుకే ప్రతి కణంలో ఒకటి దాదాపుగా నిద్రపోతుందని 1961లో జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ ప్రతిపాదించారు. దీనికి సాక్ష్యం పెరట్లోనే దొరుకుతుంది. నలుపు, నారింజ మచ్చలు కలిసిన పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. నారింజ రంగు జన్యువు ఎక్స్‌పై ఉంటుంది. ఒక్కో మచ్చలో ఏ ఎక్స్ మేలుకొని ఉందో బొచ్చు రంగే చెబుతుంది.

జపాన్‌లోని అమామి ఓషిమా దీవి ముళ్ల ఎలుకకైతే వై లేదు, ఎస్‌ఆర్‌వై కూడా లేదు. అయినా మగ ఎలుకలు పుడుతూనే ఉన్నాయి. మామూలుగా ఎస్‌ఆర్‌వై మేల్కొలిపే సాక్స్9 జన్యువు దగ్గర దాదాపు 17 వేల అక్షరాల ముక్క మగవాటిలో రెండుసార్లు ఉందని 2022లో బయటపడింది. ఎస్‌ఆర్‌వై చేసే పని ఆ ముక్కకు దక్కినట్టు ఆధారాలు చెబుతున్నాయి.