కలోంజీ, వెల్లుల్లి సీసపు విషాన్ని విరుస్తాయా?

2020 డిసెంబరులో ఏలూరులో వందలాదిమంది మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరి రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు తరువాత అభిప్రాయపడినా, సీసం భయం ఇళ్లలో నిలిచిపోయింది. ఇక్కడ ఒంటిమిట్టలోనూ తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు: కలోంజీ, వెల్లుల్లి, మునగాకు ఈ విషాన్ని విరుస్తాయా?

సీసం కాల్షియం దారినే శరీరంలో ప్రవేశించి ఎముకలలో దాగుతుంది. రక్తం తయారీని అడ్డుకుంటుంది. పసివారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పిల్లలకు ఇంత సీసం హాని చేయదని చెప్పగల మోతాదు ఏదీ ఇంతవరకు కనుగొనబడలేదు.

మూలికల మాట వట్టిది కాదు. ఎలుకలపై జరిగిన పరిశోధనలలో ఈ మూడింటి సారాలు కాలేయానికి, మూత్రపిండాలకు సీసం చేసే నష్టాన్ని తగ్గించాయి. ఇరాన్‌లోని మష్‌హద్ వైద్యులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో 117 మంది కార్ల బ్యాటరీ కార్మికులు పాల్గొన్నారు. నాలుగు వారాలపాటు కొందరికి వెల్లుల్లి, మిగిలినవారికి పెనిసిలమిన్ అనే మందు ఇవ్వగా ఇరువురిలోనూ రక్తంలోని సీసం తగ్గింది. అయితే వారు విషప్రభావం తీవ్రంగా లేని పెద్దలు. ఆ ఫలితాన్ని జబ్బుపడిన పసిబిడ్డకు అన్వయించడం తగదు.

పైగా విషం వచ్చే దారి తెరిచే ఉంటే ఏ మూలిక మాత్రం ఏం చేయగలదు? మహాప్రవక్త (స) సిఫారసు చేసినది ఇస్మిద్. నేడు సుర్మా పేరుతో అమ్మే పొడులను పరీక్షిస్తే పెక్కింటిలో సీసపు ఖనిజమే కనిపించింది. బిడ్డ కన్ను నులిమిన చేతినే నోట పెట్టుకుంటాడు. లోహాలను భస్మం చేసి తయారుచేసే కుష్తాలను పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరాదు. బంగ్లాదేశ్‌లో పసుపుకు మెరుపు కోసం సీసపు క్రోమేటు కలిపిన వైనం బయటపడింది. కనుక తెలిసిన రైతు వద్ద రంగు పట్టించని కొమ్ములు కొని దంచుకోవడం మేలు.

పాలు, రాగులు, ఆకుకూరలు, నిమ్మ మన వంటింటి రక్షణ. కాల్షియం, ఇనుము చాలినంత ఉన్న శరీరం సీసాన్ని తక్కువగా గ్రహిస్తుంది. అనుమానం కలిగితే మాత్రం రక్తపరీక్ష చేయించి వైద్యుని సలహా తీసుకోవాలి.

కలోంజీలోని స్వస్థతను తెలిపిన ప్రవక్తయే (స) వైద్యం చేయించుకోమనీ ఆదేశించారు. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్నారు. సీసం ఉన్న సుర్మా డబ్బీని ఇంటినుండి తొలగించడమే మన ఒంటెను కట్టడం. వెల్లుల్లి రెబ్బ సంగతి ఆ తరువాత.