చలికాలంలో బ్రూడర్ షెడ్డులో చెమ్మ చేరకుండా

చలికి భయపడి కోడిపిల్లల షెడ్డు పరదాలు పూర్తిగా మూసి గ్యాస్ బ్రూడర్ వెలిగిస్తున్నారా? తెల్లవారుజామున పైరేకుల లోపలివైపు చూడండి. నీటిబొట్లు ఉంటే లోపలి గాలి బయటకు పోవడం లేదన్నమాట. కిలో గ్యాస్ కాలితే సుమారు లీటరున్నర నీరు ఆవిరై షెడ్డులోనే చేరుతుంది. పిల్లల ఊపిరి, రెట్టల తడి దీనికి అదనం. ఆ ఆవిరి చల్లని రేకుకు తగిలి బొట్లుగా వరిపొట్టుపై పడుతుంది. తడిసిన పొట్టులో అమ్మోనియా పెరుగుతుంది, కాక్సిడియోసిస్ సోకుతుంది.

పరదా పైభాగాన జానెడు సందు వదలండి. కిందిభాగం మూసే ఉంచండి. గ్యాస్ కాస్త ఎక్కువ కాలుతుంది, అయినా మందుల ఖర్చుకంటే నయమే. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి చాలు, ఆపై వారానికి 5 డిగ్రీలు తగ్గించండి. గడ్డకట్టిన పొట్టు తీసేసి పొడిపొట్టు వేయండి. ఘాటు వాసన ఉందేమో పిల్లల ఎత్తుకు వంగి చూడండి.

బొగ్గు కుంపటి వాడేవారు మూసిన షెడ్డులో పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు.