మాటలాడు కొలత పరికరములు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

అరకు లోయకు పడమట, ఆంధ్ర ఒడిశా రాష్ట్రముల సరిహద్దున, మాచ్‌ఖండ్ నది డుడుమ జలపాతముగా క్రిందికి దుముకుచున్నది. ఆ నీటి బలముతో విద్యుత్తు తీయు కేంద్రము 1955 ఆగస్టు నెలలో పని ప్రారంభించినది. జలాపుట్ జలాశయమున నిలిపిన నీరు అచ్చటి యంత్రములను త్రిప్పి, దిగువనున్న బలిమెల జలాశయమును చేరును. అటుపిమ్మట సీలేరు అను పేరుతో ప్రవహించి, ఎగువ సీలేరు, డొంకరాయి, మోతుగూడెము కేంద్రములను నడిపి, తుదకు శబరిలో కలిసి గోదావరిని చేరును. ఒకే నీరు ఇన్ని చోట్ల పనిచేయుచున్నది.

ఇన్ని కేంద్రములు ఒకే నదిపై వరుసగా నున్నపుడు ఎగువవారి మాట దిగువవారికి సకాలమున అందవలయును. జలాశయమున నీటిమట్టమెంత? గొట్టములోని ఒత్తిడి ఎంత? తిరుగు యంత్రపు బేరింగు వేడెక్కుచున్నదా? ఇట్టి కేంద్రములు వెలసిన తొలి దినములలో పనివారు కొలబద్దను చూచి, అంకెను పుస్తకమున వ్రాసి, టెలిఫోనులో చెప్పుట వాడుక. నేడు ఆ పనిలో చాలభాగమును పరికరములే చేయుచున్నవి. అవి కొలుచుటయే గాక, కొలిచినదానిని నియంత్రణ యంత్రమునకు తామే తెలుపుచున్నవి.

ఇది పంచాయతీ పని ఎట్లగును?

పెద్ద కేంద్రముల సంగతి మాకెందుకని సభ్యులు అడుగవచ్చును. రాజ్యాంగపు 73వ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో నొకటి. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషన్, మనిషి ఒక్కింటికి దినమునకు 55 లీటర్ల నీరు ఇంటి కుళాయి ద్వారా అందింపవలయునని నిర్ణయించినది. గ్రామములోని నీటి పథకమును నడుపు బాధ్యత పంచాయతీపై, దాని నీటి సంఘముపై ఉంచినది. ఆ సంఘమున సగము మంది స్త్రీలుండవలయుననియు సూచించినది. దేశమున పలు గ్రామములలో తొట్టి మట్టమును, గొట్టపు ప్రవాహమును, ఒత్తిడిని తెలుపు పరికరములు అమర్చబడినవి. విద్యుత్కేంద్రమున వాడు విద్యయే ఇప్పుడు మన ఊరి నీటితొట్టికి వచ్చుచున్నది. వచ్చిన పరికరము నిజము చెప్పుచున్నదో లేదో తెలిసికొనువారు ఊరిలో కొందఱైన నుండవలయును.

బారికి రాని దినము

మన మన్యపు గ్రామములలో పెద్దల మాటను ఇంటింటికి, ఊరూరికి చేర్చు బారికిని అందఱు ఎఱుగుదురు. కొండపై గూడెమునుండి బారికి ప్రతిదినము వచ్చి అచ్చటి వార్త చెప్పుననుకొందము. ఒకనాడు వచ్చి, "విశేషమేమియు లేదు" అనిన, మనము నిశ్చింతగా నుందుము. మఱియొకనాడు అతడే రాకపోయిన, ఆ దినమున విశేషములేదని తలంతుమా? దారిలో గెడ్డ పొంగెనేమో, అతనికి జ్వరము తగిలెనేమో యని వెంటనే మనిషిని పంపుదుము. "ఏమియు లేదు" అను మాట వేఱు, మాటయే రాకుండుట వేఱు.

పరికరముల విషయమునను మూలసూత్రము ఇదియే. శూన్యము వేఱు, మౌనము వేఱు. ఈ రెంటిని విడదీసి చూపలేని పరికరము ఎంత వెలగలదైనను గ్రామమునకు కీడే చేయును.

నాలుగుతో మొదలగు లెక్క

నాలుగు మీటర్ల లోతుగల తొట్టి యొకటి ఉన్నదనుకొందము. దాని అడుగున ఒత్తిడిని కొలుచు పరికరమును అమర్తురు. నీరు ఎంత లోతున్న, అడుగున అంత బరువు పడును. కావున ఒత్తిడిని బట్టి మట్టము తెలియును. పరికరమునుండి నియంత్రణ పెట్టెకు రెండు తీగెలు పోవును. మట్టమును బట్టి వానిలో పారు విద్యుత్తు హెచ్చుచు తగ్గుచు ఉండును. దానిని మిల్లీ ఆంపియరులలో లెక్కింతురు.

లోకమంతట వాడుకలోనున్న ఏర్పాటు ప్రకారము, తొట్టి ఖాళీగా నున్నపుడు 4 మిల్లీ ఆంపియరులు, నిండియున్నపుడు 20 మిల్లీ ఆంపియరులు పారును. మన తొట్టిలో ఒక మీటరు నీరున్న 8, రెండు మీటర్లున్న 12, మూడున్న 16. లెక్క సున్నతో గాక నాలుగుతో ఏల మొదలుపెట్టిరి? బారికి కథలో దీనికి జవాబున్నది. తొట్టి ఖాళీ యని చెప్పుటకు సైతము పరికరము 4 మిల్లీ ఆంపియరులు పంపవలయును. తీగె తెగిన సున్న వచ్చును. సున్న వచ్చిన, తొట్టి ఖాళీ యని గాక, మాట తెగినదని వెంటనే గ్రహింపవచ్చును. తనలో దోషము కనిపెట్టిన పరికరము 3.6 కంటె తక్కువగనో, 21 కంటె ఎక్కువగనో విద్యుత్తును నిలిపి, "నా మాట నమ్మవలదు" అని తెలుపు ఆచారమును పలువురు తయారీదారులు పాటించుచున్నారు.

అదే తీగెపై రెండవ మాట

ఐనను ఈ పద్ధతిలో పరికరము ఒక్క సంగతినే చెప్పగలదు. తన పేరేమి, తన లోపమేమి, ఎంత లోతు వఱకు కొలుచునట్లు అమర్చినారు అనునవి చెప్పలేదు. ఈ కొఱత తీర్చుటకు 1980వ దశకమున అమెరికాలోని రోజ్‌మౌంట్ కంపెనీ హార్ట్ అను పద్ధతిని రూపొందించినది. పిమ్మట అది తయారీదారులందఱు వాడుకొనుటకు వీలుగా బహిరంగము చేయబడినది.

దీని నడక ఇట్టిది. గెడ్డలో నీరు పారుచుండగా పైన చిఱుతరంగములు లేచుచుండును. తరంగములు లేచినంతమాత్రమున సగటు నీటిమట్టము మారదు. అట్లే తీగెలో పారు విద్యుత్తుపై మిక్కిలి చిన్న తరంగములను కలుపుదురు. సెకనుకు 1,200 మారులు కదలు తరంగము "ఒకటి" కి గుర్తు. 2,200 మారులు కదలునది "సున్న" కు గుర్తు. ఈ రెండు గుర్తుల కూర్పుతో ఎట్టి మాటనైన పంపవచ్చును. దీనినే డిజిటల్ సంభాషణ యందురు. మట్టము తెలుపు మొదటి లెక్క చెడకయే, అదే తీగెపై రెండవ మాట నడచును.

సాధారణముగా నియంత్రణ యంత్రము అడుగును, పరికరము జవాబిచ్చును. ప్రతి జవాబుతోను పరికరము తన స్థితిని కూడ తెలుపును: తాను చెడినదా, కొలత తన హద్దు దాటినదా, తన అమరికను ఎవరైన మార్చిరా అనునవి అందులో నుండును. జవాబు చివర సరిచూపు గుర్తు ఒకటి వచ్చును. దారిలో మాట చెడినచో ఆ గుర్తు పొసగదు. అప్పుడు యంత్రము ఆ జవాబును త్రోసివేసి మరల అడుగును. ఇట్లు స్వంత ఆరోగ్యమును కూడ చెప్పగల వానినే స్మార్ట్ పరికరములందురు.

హార్ట్ ఒక్కటియే గాక, 1979లో వెలువడిన మాడ్‌బస్, ఒకే తీగెల జంటపై పెక్కు పరికరములను కలుపు ఫీల్డ్‌బస్ మున్నగు భాషలును కలవు. ఏ భాషయైనను, పరికరమును నియంత్రణ పెట్టెయు ఒకే భాషను ఎఱిగియుండవలయును. అది అందఱికి తెఱచియున్న భాషయైన, ఒక పరికరము చెడినపుడు వేఱొక తయారీదారుని పరికరమును తెచ్చి పెట్టుకొనవచ్చును. కానిచో పంచాయతీ ఒక్క అమ్మకందారునికే కట్టుబడిపోవును.

మాట ఆగినపుడు ఏమి జరుగవలయును?

గెడ్డ యొడ్డున బావి, గుట్టపై తొట్టి, నడుమ పంపు ఉన్న గూడెమును ఊహింతము. తొట్టి ఖాళీయైన పంపు నడచును, నిండిన ఆగును. ఒక రాత్రి ఉఱుములతో గాలివాన వచ్చి తీగె తెగినది. మౌనమును శూన్యముగా ఎంచు యంత్రమైన, తొట్టి ఖాళీ యనుకొని పంపును తెల్లవాఱులు నడపును. నీరు పొర్లి వృథాయగును, బావి ఎండి మోటారు కాలును. కడపటి అంకెనే పట్టుకొని కూర్చుండు యంత్రమైన, తొట్టి నిండియున్నదనియే చూపుచుండును. పంపు కదలదు, మండల కార్యాలయమున అంతయు సవ్యముగా కనబడును. చివరి వీధి కుళాయిలో మాత్రము నీరు రాదు. స్త్రీలు బిందెలు పట్టుకొని మరల చెలమకు నడువవలసివచ్చును. ఏ యంత్రమును అబద్ధము చెప్పవలెనని చెప్పలేదు, మాట ఆగినదని చెప్పుట మాత్రమే మఱచినది.

కావున మాట ఆగినపుడు యంత్రము ఏమి చేయవలయునో ముందే నిర్ణయింపవలయును. ఎఱ్ఱ దీపము వెలుగవలయును, పంపు సురక్షితముగా ఆగవలయును, పనివాడు చేతితో నడుపుకొనుటకు మీట ఉండవలయును.

మఱియొక సంగతిని దాచుట మంచిది కాదు. స్మార్ట్ పరికరము తనకు తెలిసిన దోషమునే చెప్పగలదు. దాని ముఖముపై బురద పేరుకొనిన, కొలత తప్పుచున్నను అది తాను క్షేమముగ నున్నాననియే చెప్పవచ్చును. కావున నెలకొకమారు తొట్టిలో కొలకఱ్ఱ దింపి, ఆ కొలతను పరికరపు అంకెతో పోల్చి చూడవలయును. మనిషి చూపునకు ఇది బదులు కాదు, తోడు మాత్రమే.

మన కొండలలోని ఇబ్బందులు

మైదానమున లేని చిక్కులు మనకు కొన్ని కలవు. ఊటనీరు పల్లమునకు తానై పారి తొట్టిని నింపు పథకములలో పంపు ఉండదు, పెక్కు చోట్ల విద్యుత్తు తీగెయు ఉండదు. అచ్చట పరికరము సూర్యరశ్మి పలకతో, బ్యాటరీతో నడువవలయును. వానకాలమున దినముల తరబడి మబ్బు పట్టియుండును గనుక బ్యాటరీ అందుకు చాలినదై యుండవలయును. పిడుగులనుండి కాపాడుటకు మంచి ఎర్తింగు అవసరము. సెల్‌ఫోను సంకేతము అందని గూడెములలో పరికరము కొలతలను వేళతో సహా తనలో దాచుకొని, సంకేతము దొరకినపుడు పంపగలదై యుండవలయును. అట్లు వచ్చిన అంకె ప్రక్కన అది ఏనాటిదో, ఏ వేళదో కనబడవలయును. నిన్నటి మాటను నేటి మాటగా చూపుటయు అసత్యమే. కువి, ఆదివాసీ ఒడియా మాటలాడు గూడెములలో, చదువు రానివారికి సైతము తెలియునట్లు, పచ్చ, ఎఱ్ఱ దీపములుండుట మేలు.

అప్పగింత నాడు అడుగవలసినవి

పథకమును పంచాయతీకి అప్పగించు దినమున సభ్యులు ఈ క్రింది సంగతులను అడిగి, జవాబులను తీర్మాన పుస్తకమున వ్రాయించవలయునని మేము కోరుచున్నాము.

1. తొట్టి ఖాళీయైనపుడు ఏమి కనబడును? తీగె తెగినపుడు ఏమి కనబడును? రెంటిని మా యెదుట చేసి చూపుడు.

2. అంకెతోపాటు పరికరపు ఆరోగ్యమును, కొలిచిన వేళయును కనబడునా?

3. ఈ పరికరము ఏ భాష మాటలాడును? వేఱొక తయారీదారుని పరికరము దీని స్థానమున పనిచేయునా?

4. అమరికలను మార్చు అధికారము ఎవరిది? ఇతరులు మార్చకుండ తాళము ఉన్నదా? రహస్య సంఖ్య పంచాయతీవద్ద ఉన్నదా?

5. మాట ఆగినపుడు పంపును, వాల్వును చేతితో నడుపుట ఎట్లు? నీటి సంఘములోని స్త్రీలకు, వాల్వు త్రిప్పు పనివానికి ఈ పని నేర్పితిరా?

మొదటి ప్రశ్నకు నోటిమాట జవాబుతో తృప్తిపడరాదు. తీగెను ఊడదీయించి కన్నులార చూడవలయును. అందుకు పట్టునది కొద్ది నిమిషములే.

బారికి రాని దినమున మనిషిని పంపిన మన పెద్దలకు ఈ వివేకము క్రొత్తది కాదు. తీగెపై వచ్చు మాట విషయమునను పంచాయతీలు అదే వివేకము చూపిన, కొండకొన గూడెములోని చివరి కుళాయి ఎండిన దినముననే ఆ సంగతి మనకు తెలియును.