బుడగ పేలాక

హంసలదీవి, మాఘ పున్నమి తిరనాళ్లు. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట స్నానాలు చేసి వస్తున్న జనం, జీళ్ల కొట్లు, రంగులరాట్నం. ఆ పక్కనే గోనెపట్టాకి వరసగా కట్టిన బుడగలు. అయిదు దెబ్బల్లో నేను పేల్చింది ఒక్కటి. "తుపాకీ ఎడమకి లాగుద్ది సార్" అన్నాడు కొట్టతను, ఊరడింపుగా. నా వెనకున్న పదేళ్ల కుర్రాడు ఆ మాట చెవిన వేసుకుని, బుడగకి బెత్తెడు కుడిగా గురిపెట్టి నాలుగు పేల్చాడు.

మంచె మీద ఒడిసెల తిప్పిన తాతల మనవలు వీళ్లు. దివిసీమలో గురికి కొదవేం లేదు. ఎనిమిదో తరగతిలో విల్లు పట్టినవాడు పదో తరగతిలోనూ పట్టుకుంటాడా అన్నదే అసలు సంగతి.

అలా పట్టించినవాళ్లు బెజవాడలో ఉన్నారు. ఓల్గా ఆర్చరీ అకాడమీని నడిపిన యువ కోచ్ చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. తండ్రి సత్యనారాయణ తలుపులు మూయలేదు. కొడుకు లేని మైదానంలోకి మళ్లీ ఎలా అడుగుపెట్టాడో ఊహకందదు. చిన్నప్పుడు అక్కడ విల్లు పట్టిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్‌తో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. నాలుగేళ్లకే కృష్ణలో ఈదిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టింది. ఆమె వాడే కాంపౌండ్ విల్లుకి ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా చోటే లేదు. 2028లో లాస్ ఏంజిలెస్‌లో తొలిసారి దక్కనుంది. అన్నేళ్లూ ఆమె మానలేదు.

2022లో జిల్లాలు విడిపోయాక ఆ పతకాల ఊరు ఎన్టీఆర్ జిల్లాకి పోయింది. బందరు, గుడివాడ, అవనిగడ్డ కృష్ణా జిల్లాలో మిగిలాయి. బందరు నుంచి బెజవాడకి సుమారు 70 కిలోమీటర్లు. బడి వదిలాక బస్సెక్కి వెళ్లి, బాణాలేసి, తిరిగొచ్చి హోంవర్క్ చేయమంటే ఏ పిల్లాడైనా ఎన్నాళ్లు చేస్తాడు? పోటీ స్థాయి విల్లు ధర లక్షల్లో మాట. దాళ్వా డబ్బు చేతికొచ్చినా అది ముందు ఫీజుకే పోతుంది.

అయితే మొదలుపెట్టడానికి అంత అక్కర్లేదు. ఇండియన్ రౌండ్‌కి వెదురు విల్లు చాలు. ఎయిర్ రైఫిల్‌కి 10 మీటర్ల దూరం, ఇండోర్ ఆర్చరీకి 18 మీటర్లు. వానాకాలం నల్లరేగడి మైదానంలో కాలు పెట్టలేం కాబట్టి పైకప్పు కావాలి. 1977 ఉప్పెన తర్వాత దివిసీమలో కట్టిన తుఫాను షెల్టర్లలో పనికొచ్చే పొడవున్నవి చూసి, ఓ గోడకి గట్టి అడ్డు కట్టి, తెలిసిన కోచ్‌ని వారానికి మూడు సాయంత్రాలు కూర్చోబెడితే? గాలివాన వచ్చినప్పుడు జనానికి, మిగతా రోజుల్లో పిల్లలకి. నాకైతే కొత్త స్టేడియం శంకుస్థాపన కంటే ఇదే నయమనిపిస్తుంది.

పొద్దుగూకింది. కొట్టతను బుడగలు విప్పుతున్నాడు. ఆ కుర్రాడింకా కదల్లేదు.

"మళ్లీ ఎప్పుడొస్తావు బాబాయ్?"

"వచ్చే మాఘ పున్నమికి."